ఏనుగు నాణెం ఎవరెవరి చేతులు మారిందో అచ్చు వేయండి: వేలం సంస్థలకు, నాణేల సంఘాలకు బహిరంగ లేఖ

పురాతన నాణేలు వేలం వేసే సంస్థల నిర్వాహకులకు, డీలర్లకు, నాణేల సేకర్తల సంఘాల బాధ్యులకు,

నమస్కారం.

మీ కేటలాగుల్లో గ్రీకు వెండి నాణెం కింద వర్ణనకు ఎప్పుడూ కొదవ ఉండదు. దేవత జుట్టు పాయలు, డై (నాణెం ముద్రించే అచ్చు) చెక్కినవాడి పనితనం, వెండి మీద పట్టిన నీలి నలుపు, ఇలాంటిది మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదన్న హెచ్చరిక, అన్నీ ఉంటాయి. చివర చిన్న అక్షరాల్లో మాత్రం “పాత యూరోపియన్ సేకరణ నుంచి” అని ఒక్క ముక్క. ఈ లేఖ ఆ ఒక్క ముక్క గురించి.

మేం అడిగేది ఇది. ప్రతి నాణేనికీ పూర్వాపరాలు రాయండి. ఎక్కడ దొరికింది, ఏ నిధిలోది, మొదటిసారి ఎప్పుడు రికార్డుకెక్కింది, ఆ తర్వాత ఎవరెవరి చేతులు మారింది, ఒక్కో మార్పుకు ఆధారం ఏమిటి అన్నది విడివిడిగా అచ్చు వేయండి. తెలియని చోట తెలియదని రాయండి. మన ఊళ్ళలో అరెకరం కొనేవాడు కూడా లింకు డాక్యుమెంట్లు చూపించమంటాడు, ఈసీ తీయిస్తాడు. “పాత కుటుంబం వాళ్ళ పొలమండీ” అన్నంత మాత్రాన బయానా ఇవ్వడు. లక్షల్లో పలికే నాణేనికి ఆపాటి కాగితం అడగడం అత్యాశ కాదు.

ఎందుకు అడుగుతున్నామో చెప్పడానికి ఒకే ఒక్క రకం నాణేన్ని తీసుకుంటాం. మన దేశానికి సంబంధించిన నాణెం అది. అలెగ్జాండర్ కాలంలోనో, అతను పోయిన కొద్దికాలానికో వేసిన పెద్ద వెండి నాణెం. సేకర్తలు ‘పోరస్ మెడలియన్’ అనీ, ‘ఏనుగు నాణెం’ అనీ పిలుస్తారు.

చేతిలోకి తీసుకుంటే బరువు దాదాపు 39 నుంచి 42 గ్రాముల మధ్య ఉంటుంది. ఒక వైపు గుర్రం మీది రౌతు పొడవాటి ఈటెతో ఏనుగును తరుముతుంటాడు. ఏనుగు మీద ఇద్దరు. వెనక కూర్చున్నవాడు తల తిప్పి రౌతును ఎదుర్కొంటున్నాడు. రెండో వైపు కవచం తొడుక్కున్న వీరుడు నిలబడి ఉంటాడు. ఎడమ చేతిలో ఈటె, కుడి చేతిలో జ్యూస్ దేవుడి వజ్రాయుధం. గాల్లో ఎగురుతూ వచ్చిన విజయదేవత అతని తలమీద దండ పెడుతోంది. రాజు పేరు ఎక్కడా లేదు. ఉన్నదల్లా గ్రీకు ‘క్సై’ అక్షరం, ఆల్ఫా, బీటాలను కలిపి చెక్కిన గుర్తు. బొమ్మ సరిగ్గా మధ్యలో పడలేదు, బిళ్ళ గుండ్రంగా లేదు, కొన్నిటిమీద ముఖాలు అచ్చు పడక చదునుగా మిగిలాయి. పనితనం ఇంత హడావుడిగా ఉన్నా, బతికి ఉన్న అలెగ్జాండర్‌ను అతని కాలంవాళ్ళే చూపించిన బొమ్మ ఇదే కావచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడితో (గ్రీకులు పోరస్ అన్నది ఇతన్నే) జరిగిన యుద్ధానికి ఆ కాలపు లోహసాక్ష్యం ఏదైనా ఉందంటే అదీ ఇదే.

ఇక ఇది చేతులు మారిన తీరు చూడండి. మొదటిది 1887లో బ్రిటిష్ మ్యూజియంకు చేరింది. ఇచ్చినవాడు ఆగస్టస్ వోలస్టన్ ఫ్రాంక్స్. దొరికిన చోటు బుఖారా రాజ్యంలోని ఖుల్లుమ్ అని అప్పటి నివేదిక. అదే ఏడాది పెర్సీ గార్డ్‌నర్ దాన్ని ‘న్యూమిస్మాటిక్ క్రానికల్’ పత్రికలో ప్రకటించాడు. ఇది బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ ప్రాంతం) గ్రీకు రాజు ఒకడు శత్రువులను తరిమిన సందర్భమని ఆయన అనుకున్నాడు. దొరికిన చోటు మధ్య ఆసియా కదా, ఆలోచన అటే పోయింది. రౌతు అలెగ్జాండర్ అనీ, ఏనుగు మీద ఉన్నది పురుషోత్తముడి పక్షమనీ తర్వాత బార్‌క్లే హెడ్ వాదించాక గానీ దారి మళ్ళలేదు. 1926లో రెండోది కూడా బ్రిటిష్ మ్యూజియంకే వచ్చింది. 1959లో ఇంకొకటి న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి చేరింది. విద్వాంసులు దశాబ్దాల పాటు ఈ మూడింటి మీదే ఆధారపడి రాశారు.

1973లో ఇరాక్‌లో, బాబిలోన్ ప్రాంతంలో ఒక పెద్ద నిధి బయటపడింది. అందులో ఏనుగు నాణేలు ఇంకొన్ని ఉన్నాయి. అంతవరకూ ఎవరూ చూడని చిన్న నాణేలు కూడా వాటి పక్కన దొరికాయి. ఒకదాని మీద ఒక వైపు ఏనుగు, రెండో వైపు మనిషెత్తు విల్లు లాగుతున్న భారతీయ విలుకాడు. ఇంకో రకం మీద ఒక వైపు ఏనుగెక్కిన ఇద్దరు, రెండో వైపు నాలుగు గుర్రాల రథం. బాబిలోన్ సింహం నాణేలు, ఏథెన్స్ గుడ్లగూబ నాణేలకు స్థానికంగా వేసిన అనుకరణలు, అలెగ్జాండర్ మామూలు నాణేలు వీటితో కలిసి ఉన్నాయి. భారతీయ సైనికుల విల్లు మనిషంత పొడవు ఉంటుందని గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ రాసిన వాక్యానికి ఆ చిన్న నాణెం బొమ్మ కట్టినట్టు సరిపోతుంది. ఇంత విలువైన నిధిని పురావస్తు శాఖ తవ్వి తీయలేదు. కుండలోనో సంచిలోనో ఉన్నదాన్ని మొత్తంగా ఎవరూ లెక్క పెట్టలేదు. పొట్లాలుగా విడిపోయి ఒక్కో పొట్లం ఒక్కో డీలరు దగ్గరికి చేరింది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన మార్టిన్ ప్రైస్ మార్కెట్లో కనబడ్డవాటిని ఒక్కొక్కటిగా కూడగట్టి, ఏవేవి ఆ నిధిలోవై ఉంటాయో తేల్చుతూ 1982లోనూ, మళ్ళీ 1991లోనూ ప్రచురించాడు. ఆ కూర్పే ఈనాటికీ మనకు ఆధారం.

అందువల్ల ఏం పోయిందో సూటిగా చెప్తాం. ఈ నాణెం ఎక్కడ వేశారన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ రెండు గుర్తులూ సూసా (ఇరాన్‌లోని పురాతన నగరం) కోట అధిపతి క్సెనోఫిలస్, సూసా క్షత్రపుడు (ప్రాంతీయ పాలకుడు) అబులైటిస్ పేర్ల మొదటి అక్షరాలని ప్రైస్ ప్రతిపాదించాడు. అదే నిజమైతే ఇది సూసాలో వేసింది, అదీ అబులైటిస్‌ను అలెగ్జాండర్ చంపించక ముందే. భారతదేశంలోనే, సైన్యం శిబిరంలో వేయించి సైనికులకు పంచిన బహుమతి ఇదని చరిత్రకారుడు ఫ్రాంక్ హోల్ట్ వాదన. బాబిలోన్‌లో వేశారనేవాళ్ళూ ఉన్నారు. తూకం ప్రశ్నా అలాగే నిలిచిపోయింది. ఏథెన్స్ తూకంలో పది ద్రాక్మాలంటే సుమారు 43 గ్రాములు ఉండాలి, ఇవి అంత తూగవు. బాబిలోన్ షెకెల్ సుమారు 8.4 గ్రాములు అనుకుంటే ఐదు షెకెళ్ళు 42 గ్రాములు అవుతాయి. మరి ఇది గ్రీకు లెక్కలో వేసిన నాణెమా, బాబిలోన్ లెక్కలో వేసినదా?

ఈ ప్రశ్నలకు జవాబు ఆ నిధిలోనే ఉండేది. సింహం నాణేలు ఎన్ని, వాటిలో చివరగా వేసినది ఏది, ఏనుగు నాణేలు చేతులు మారి అరిగాయా, వేసిన కొద్ది రోజులకే పాతిపెట్టారా అన్నవి ఒక్కచోట ఉంచి చూస్తే తెలిసేవి. నాణేలు పోలేదు, ప్రపంచంలో ఎక్కడెక్కడో క్షేమంగానే ఉన్నాయి. ఏది దేని పక్కన ఉండేదన్న సమాచారమే పోయింది. ఒక నాణెం చేతులు మారినప్పుడల్లా “1973 ఇరాక్ నిధిలోది కావచ్చు, ఫలానా ఏడాది ఫలానా డీలరు దగ్గర కనబడింది” అని ఒక్క వాక్యం రాసి ఉంటే అందులో సగమైనా మిగిలేది.

ఇదే కథలో ఇంకో మలుపు ఉంది. అఫ్ఘానిస్తాన్‌లో గర్దేజ్ దగ్గర మీర్ జకా అనే చోట 1990ల మొదట్లో ఒక బావిలోంచి టన్నుల లెక్కన నాణేలు బయటికి వచ్చాయి. సంచుల్లో పెషావర్ బజారుకు చేరాయి. అందులోదే అంటూ 2005లో ఒక బంగారు నాణేన్ని ప్రకటించారు. ఒక వైపు ఏనుగు తల తోలు కప్పుకున్న అలెగ్జాండర్ ముఖం, రెండో వైపు ఏనుగు, మన వెండి నాణెం మీది గుర్తులే దాని మీదా ఉన్నాయి. నిజమైనదైతే అలెగ్జాండర్ బొమ్మల చరిత్ర మొత్తం తిరగరాయాలి. అది అసలైనదని కొందరు పెద్ద విద్వాంసులు అంటే, నకిలీ అని అంతే పెద్దవాళ్ళు అన్నారు. లోహాన్నీ శైలినీ చూపించి ఇరువైపులా వాదించవచ్చు. దొరికిన చోటు గురించి మాత్రం అమ్మినవాళ్ళ మాట తప్ప మరొకటి లేదు. అందుకే ఆ తగాదా తెగడం లేదు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. ప్రతి నాణెం కింద వర్ణన అయ్యాక ‘పూర్వాపరాలు’ అని వేరే పేరా పెట్టండి. దొరికిన చోటును, చేతులు మారిన వరుసను ఒకే వాక్యంలో కలపకండి. అవి రెండూ వేర్వేరు సంగతులు. “సిసిలీ నుంచి” అని రాస్తే సిసిలీలో ముద్రించారనా, సిసిలీలో దొరికిందనా, సిసిలీలో కొన్నామనా? మూడర్థాలకూ ఆ మాట చెల్లుతుంది, అందుకే పనికిరాదు. ఒక్కో మార్పుకు తేదీ, సంస్థ పేరు, లాట్ నంబరు (వేలంలో ఆ వస్తువు సంఖ్య), ప్లేట్ నంబరు (కేటలాగులో బొమ్మల పేజీ సంఖ్య) ఇవ్వండి. పక్కనే ఆధారం ఏ రకందో చెప్పండి. బొమ్మతో అచ్చయిన కేటలాగైతే అన్నిటికంటే గట్టిది. బొమ్మ లేకుండా మాటల్లో వర్ణించిన కేటలాగు దాని తర్వాతది. ఇన్‌వాయిస్, పాత చీటీ, ఉత్తరం లాంటి కాగితం మూడోది. అమ్మకందారు నోటిమాట చిట్టచివరిది, దాన్ని నోటిమాట అనే రాయాలి.

నమూనాగా 1887 నాణేన్నే ఇలా రాయవచ్చు: “దొరికిన చోటు: బుఖారా రాజ్యంలోని ఖుల్లుమ్, అప్పటి నివేదిక ప్రకారం, తవ్వకం రికార్డు లేదు. నిధి: తెలియదు. మొదటి ప్రచురణ: పెర్సీ గార్డ్‌నర్, న్యూమిస్మాటిక్ క్రానికల్, 1887, బొమ్మతో. దాత: ఎ.డబ్ల్యు. ఫ్రాంక్స్. అప్పటినుంచి బ్రిటిష్ మ్యూజియంలో.” ఐదు ముక్కలు. తెలియదన్న మాట అందులో ఉన్నంత మాత్రాన నాణెం విలువ వీసమెత్తు తగ్గలేదు.

“పొజ్జీ సేకరణ నుంచి” అని గొప్పగా వేసినప్పుడు ఆ మాటను ఎవరైనా సరిచూసుకునే వీలుండాలి. పారిస్ వైద్యుడు సామ్యూల్ పొజ్జీ గ్రీకు నాణేలను 1921లో నావిల్ సంస్థ వేలం వేసింది. మూడు వేలకు పైగా లాట్లు, వెనక ప్లేట్లు. రాబర్ట్ జేమ్సన్ సేకరణ కేటలాగు 1913లో మొదలైంది, దానికీ ప్లేట్లు ఉన్నాయి. లాట్ నంబరు ఇస్తే పాఠకుడు ఐదు నిమిషాల్లో చూసుకుంటాడు. ఇవ్వకపోతే మూడు వేల బొమ్మలూ తిరగేయాలి. 1945కు ముందు వచ్చిన వేలం కేటలాగులు చాలా హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. న్యూమన్ న్యూమిస్మాటిక్ పోర్టల్‌లో ఇంకా ఎన్నో ఉన్నాయి. పుస్తకాలు అందుబాటులో లేవన్న సాకు ఇప్పుడు చెల్లదు.

పాత ప్లేటుతో నాణేన్ని సరిపోల్చే పద్ధతి మీ సిబ్బందిలో అందరికీ సరిగ్గా తెలియదని కేటలాగులు చూస్తే అర్థమవుతోంది. తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతున్నాయి, అందుకని వివరంగా రాస్తున్నాం.

పాత ప్లేటును 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయండి. నాణెం ఫొటోను అదే కొలతకు తెచ్చి, సగం పారదర్శకంగా చేసి ప్లేటు మీద పరచండి. బొమ్మలో దూరదూరంగా ఉన్న రెండు బిందువులు పట్టుకుని, ఏనుగు నాణెమైతే గుర్రం వెనక గిట్ట, ఏనుగు తొండం కొస అనుకోండి, రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కూర్చునేలా సర్దండి. బొమ్మ అతికినట్టు సరిపోగానే ఇదే ఆ నాణెం అని తేల్చేస్తారు. అక్కడే పొరపాటు. ఒకే డైతో కొట్టిన నాణేలన్నిటికీ బొమ్మ ఒకేలా సరిపోతుంది. డై ఒకటే అని మాత్రమే దానివల్ల రుజువైంది. నాణెం అదే అనడానికి బొమ్మకూ బిళ్ళ అంచుకూ మధ్య దూరం చూడాలి. గడియారం లెక్కన చెప్పుకుంటే తేలిక. రెండు గంటల దిక్కున అంచు ఎంత చీలింది, ఏడు గంటల దగ్గర బొమ్మ అంచు దాటి ఎంత పోయింది, తొమ్మిది దగ్గర చదునుగా ఎంత మేర మిగిలింది. రెండు వైపులా కలిపి ఇలాంటి గుర్తులు కనీసం ఐదు సరిపోవాలి. ఏనుగు నాణేలు వంకర టింకర బిళ్ళల మీద కొట్టినవి కాబట్టి వాటిని పోల్చడం నిజానికి సులువు.

పాత ప్లేట్లు చాలావరకు నాణేలను నేరుగా ఫొటో తీసినవి కావు. ప్లాస్టర్ నకళ్ళు పోసి, ఒకే వెలుతురులో పెట్టి తీసినవి. కాబట్టి రంగూ నలుపూ పోల్చి లాభం లేదు. ప్లాస్టర్ పోసే అచ్చులో గాలి బుడగ పడితే ప్లేటులో చిన్న బొడిపె కనబడుతుంది, నాణెం మీద ఉండదు. అది చూసి ఇది ఆ నాణెం కాదని తోసిపుచ్చకండి. అదే ప్లేటులో ఉన్న లోతైన గంటు నాణెం మీద లేకపోతే మాత్రం ఆగాల్సిందే. గంటు మానదు. పూడ్చి ఉండాలి, లేదా నాణెం వేరై ఉండాలి. ప్లేటులో లేని గీత ఇప్పుడు నాణెం మీద కనబడితే తర్వాత పడిందని అనుకోవచ్చు.

తర్వాత తూకం. బ్రిటిష్ కేటలాగులు గ్రెయిన్లలో రాసేవి. గ్రెయిను 0.0648 గ్రాము, కాబట్టి 651 గ్రెయిన్లంటే 42.18 గ్రాములు. అర గ్రెయినుకు సవరించి రాసేవారు గనక 0.03 గ్రాము అటూ ఇటూ తేడా పట్టించుకోనక్కర్లేదు. ఇప్పటి తూకం పాతదానికంటే కాస్త తక్కువైతే మధ్యలో ఎవరో శుభ్రం చేసి ఉండవచ్చు, వెండి క్లోరైడ్ పొర తీసినా బరువు తగ్గుతుంది. 0.1 గ్రాము ఎక్కువ వస్తే ఆ జత వదిలేయండి. వెండి నాణెం పెట్టెలో కూర్చుని బరువు పెరగదు. మీ కేటలాగులో తూకం రెండు దశాంశాల దాకా, వ్యాసం మిల్లీమీటర్లలో, ఒక వైపు బొమ్మకు రెండో వైపు బొమ్మ ఎటు తిరిగి ఉందో గడియారం గంటల్లో రాయండి. వందేళ్ళ తర్వాత ఇంకొకరు మీ నాణేన్ని గుర్తుపట్టాల్సింది వీటితోనే.

అంచు, తూకం, గంట్లు అన్నీ సరిపోయినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. అసలు నాణెం నుంచి అచ్చు తీసి పోసిన నకిలీ ఆ గుర్తులన్నిటినీ తనతో తెచ్చుకుంటుంది. కాబట్టి పది రెట్ల భూతద్దంతో అంచు చుట్టూ చూడండి. సన్నని అతుకు గీత, సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు, సబ్బు బిళ్ళలా మెత్తబడిన అక్షరాల మూలలు కనబడితే అనుమానించాలి. మ్యూజియం నకళ్ళ సంగతి వేరు. బ్రిటిష్ మ్యూజియంలో రాబర్ట్ రెడీ 19వ శతాబ్దంలో చేసిన ఎలక్ట్రోటైపులు విద్యార్థుల కోసం నిజాయితీగా చేసినవి, చాలావాటి అంచున ‘ఆర్’, ‘ఆర్ ఆర్’, ‘ఎం బి’ అని ముద్ర కొట్టారు. రెండు పల్చని పెంకులు అతికించి లోపల సీసం నింపినవి కాబట్టి మోగిస్తే మొద్దుగా పలుకుతాయి. తర్వాత ఎవరో అంచు అరగదీసి ఆ ముద్ర చెరిపేస్తే, 1880ల నాటి అసలైన చీటీతో సహా నకిలీ మీ బల్ల మీదికి వస్తుంది.

పాత చరిత్ర ఉందంటే అసలైనదేనని నమ్మకూడదనడానికి జర్మనీవాడు కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ ఒక్కడు చాలు. 1772లో పుట్టి 1830లో పోయిన అతను వందల డైలు స్వయంగా చెక్కాడు. కొట్టిన నాణేలను ఇనుప రజనుతో పెట్టెలో వేసి గుర్రబ్బండికి కట్టి, కుదుపులకు అరగనిచ్చేవాడు. రెండు వందల ఏళ్ళ నాటి సేకరణలో ఉందన్న మాట బెకర్ నాణేనికీ అక్షరాలా నిజమే. అందుకే పూర్వాపరాలు వేరు, అసలా నకిలీయా అన్న పరీక్ష వేరు. రెండూ చేయాలి. ఒకటి చేసి రెండోది వదిలేయడం కుదరదు.

ఇక కల్పించిన చరిత్రలు. 1980ల చివర నల్లసముద్రం తీరంలో దొరికిన నిధి అంటూ మెసెంబ్రియా చిన్న వెండి నాణేలు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. నిధి కథ నమ్మి చాలామంది కొన్నారు. ఇవాళ వాటిని కొత్తగా కొట్టిన నకిలీలుగానే లెక్కిస్తున్నారు. 2012 జనవరిలో న్యూయార్క్‌లో నాణేల మేళా సమయంలో ఒక పేరున్న సేకర్తను అరెస్టు చేశారు. అతని దగ్గరున్న సిసిలీ వెండి నాణేలు ఈమధ్యే ఇటలీ నేలలోంచి తవ్వి తీసినవని అతనే చెప్పుకున్నాడు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే అవి నకిలీలని తేలింది. దొంగ సరుకని గొప్పగా నమ్మి, దొంగ నాణేలే కొన్నట్టయింది. 2020 అక్టోబరులో లండన్ వేలంలో రోమన్ నాయకుడు బ్రూటస్ వేయించిన బంగారు నాణెం ఒకటి 42 లక్షల డాలర్ల దాకా పలికింది. దాని పూర్వాపరాలు కల్పించారన్న కేసులో 2023 జనవరిలో అరెస్టు జరిగింది, మార్చిలో నాణెం గ్రీసుకు తిరిగి వెళ్ళింది. సిసిలీలోని నాక్సోస్ వెండి నాణెం ఒకటి కూడా అదే కేసులో ఉంది. ప్లేట్ నంబరు ఉన్న కేటలాగు ఒక్కటి చూపించండని ముందే అడిగే అలవాటు మార్కెట్లో ఉంటే, ఇలాంటి కథలు అంత దూరం సాగేవి కావు.

తుర్కియేలోని ఎల్మలీ నిధి సంగతి మీకు తెలిసిందే. 1984లో మెటల్ డిటెక్టర్‌తో తవ్వి తీసిన దాదాపు 1,900 వెండి నాణేలు. ఏథెన్స్ పది ద్రాక్మాల నాణేలు అంతవరకూ ప్రపంచం మొత్తంలో డజను పైచిలుకు తెలుసు. ఆ ఒక్క నిధిలోనే ఇంచుమించు అన్నే బయటపడ్డాయి. అమెరికాలో కొన్నవాళ్ళ మీద తుర్కియే ప్రభుత్వం 1989లో దావా వేసింది. 1999లో 1,600కు పైగా నాణేలు తిరిగి వెళ్ళాయి. పదిహేనేళ్ళు పట్టింది. కొన్నవాళ్ళకు డబ్బు పోయింది, పరిశోధకులకు కాలం పోయింది. సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం 1970 నాటిది. దానికి ముందు బయట ఉన్నట్టు కాగితం ఉన్న నాణేనికీ, లేని నాణేనికీ ధరలో తేడా పెరుగుతూనే ఉంటుంది. వ్యాపారం లెక్కన చూసుకున్నా మేం అడిగేది మీకు నష్టం చేసేది కాదు.

మన దగ్గరి సేకర్తల సంఘాలకు ప్రత్యేకంగా రెండు మాటలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ, అమెరికాలోని తెలుగువాళ్ళలోనూ ఆన్‌లైన్ వేలాల్లో గ్రీకు నాణేలు కొనేవాళ్ళు ఉన్నారు. నాణెంతో పాటు వచ్చిన చీటీ, కవరు, పాత ట్రే నుంచి తీసిన గుండ్రటి అట్టముక్క, ఏదీ పారేయవద్దని సభ్యులకు చెప్పండి. వేలి గోరంత చీటీ మీద సిరాతో రాసిన మూడు అంకెలు ఏ కేటలాగులోని నంబరో తేలితే ఆ నాణేనికి నూరేళ్ళ చరిత్ర దొరికినట్టే. గ్రేడింగ్‌కు పంపి ప్లాస్టిక్ పెట్టెలో బిగించే ముందు రెండు వైపులా, అంచు చుట్టూ ఫొటోలు తీసి, చీటీని విడిగా భద్రం చేయించండి. పెట్టెలో బిగించాక అంచు పూర్తిగా కనబడదు. చీటీ విడిపోయి పోయేది కూడా ఆ ప్రయాణంలోనే. మెత్తటి పీవీసీ కవర్లలో వెండి పెడితే కొన్నేళ్ళకు జిగట పట్టి పచ్చగా మారుతుంది. మైలార్ కవరు గానీ, ఆమ్లం లేని కాగితం గానీ వాడమనండి. చెక్క పెట్టె చేయించుకునేవాళ్ళు ఓక్ చెక్క జోలికి పోకూడదు, అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి లోహానికి పడదు.

చట్టం సంగతీ సభ్యులకు తెలియాలి. 1972 పురావస్తు చట్టం కింద వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు మాత్రమే ఉంది. పొలంలో, పునాదిలో నాణేలు దొరికితే 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటగానే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన 1,531 రోమన్ వెండి దీనారాలు విడిపోకుండా ఒకే నిధిగా రికార్డుకెక్కాయి. ఏ చక్రవర్తి నాణేలు ఎన్ని అని లెక్క పెట్టగలిగారు. రోముతో మన వర్తకం ఏ దశాబ్దాల్లో ఊపందుకుందో చెప్పుకోగలిగింది అలాంటి లెక్కల వల్లే. అవి ఒక్కొక్కటీ ఒక్కో షరాబు కొట్టుకు చేరి ఉంటే ఆ లెక్క ఉండేది కాదు. బాబిలోన్ నిధికి జరిగింది అదే.

సంఘాల ప్రదర్శనల్లో నాణెం పక్కన గ్రేడు, ధర కాకుండా పూర్వాపరాల చీటీ పెట్టించండి. “తెలియదు” అని రాసిన చీటీని చిన్నచూపు చూడకండి. సంఘం దగ్గర పాత కేటలాగులు ఉంటే స్కాన్ చేసి సభ్యులకు అందుబాటులో ఉంచండి. వేలం సంస్థలకు మా చివరి కోరిక ఇది: వచ్చే కేటలాగు నుంచి “పాత సేకరణ”, “యూరోపియన్ పెద్దమనిషి ఆస్తి” లాంటి మాటలు తీసేయండి. పేరు చెప్పడం యజమానికి ఇష్టం లేకపోతే “యజమాని పేరు మా దగ్గర ఉంది, ప్రచురించడానికి అనుమతి లేదు, ఫలానా సంవత్సరం నాటి ఇన్‌వాయిస్ చూశాం” అని రాయండి. అమ్ముడుపోయిన నాణేల ఫొటోలు, వివరాలు వేలం అయ్యాక సైటు నుంచి తీసేయకండి. అమ్ముడుపోనివి కూడా ఉంచండి. ముందు ముందు ఆ నాణేన్ని చేతిలోకి తీసుకునేవాడికి మీ పేజీయే పాత ప్లేటు అవుతుంది.

ఇట్లు,
ప్రాచీన నాణేల పూర్వాపరాలు పరిశీలించే తెలుగు సేకర్తలు, విద్యార్థులు